ఇరవై రెండోది

పదకొండున్నరయింది. రేపు తొమ్మిదిన్నరకి ఆఫీసులో స్టాండప్ మీటింగ్. పడుకోవాలి. కళ్ళు మూస్తే మాత్రం ఆ గుంటడు వచ్చి "అక్కా, ఇది ఎన్నోది?" అంటున్నాడు. అందుకని లేచి కూర్చున్నా. లైటు తీసెయ్యమని మా రూమ్మేట్ మేడమ్ గారు ఇప్పటికి రెండుసార్లు మూలిగి దుప్పటి ముసుగు తన్నేసింది.

అరకు వెళ్ళొచ్చాం. ఏడాదిన్నరగా వాట్సాప్ గ్రూపులో తప్ప ఇంకెక్కడా జరగని ఆ ట్రిప్పే. వస్తామన్నవాళ్ళు పదకొండు మంది, రైలెక్కినవాళ్ళు నలుగురు. శుక్రవారం మధ్యాహ్నం మీటింగులోంచి "నెట్ సరిగ్గా లేదండీ" అని జారుకుని, రాయదుర్గంలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ చేరి, రాత్రంతా రైల్లో దొర్లి, తెల్లారి వైజాగ్‌లో దిగి, ముఖం కూడా సరిగ్గా కడుక్కోకుండా కిరండూల్ రైలెక్కాం. అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదు, మామూలు సిట్టింగ్. అయితేనేం, కిటికీ సీటు నాది. ఏ వైపు కూర్చుంటే లోయలు కనబడతాయో మిగతా ముగ్గురూ యూట్యూబ్ చూసి వాదించుకుంటుంటే, ఈ లైను పక్కన పుట్టి పెరిగినదాన్ని నేనుండగా మీరెవర్రా చెప్పడానికి అని మరీ తీసుకున్న సీటు.

కొత్తవలసలో రైలాగితే ఇడ్లీ ప్యాకెట్ల కోసం తలుపు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా సీట్లో ఏడెనిమిదేళ్ళ కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీ ఊచలకి బుగ్గ ఆనించి ఉన్నాడు. కింద వాళ్ళ మామ్మ, పక్కన గంప.

"ఇది రిజర్వేషన్ సీటు మామ్మా."

"గుంటడు సొరంగాలు సూస్తానని రాత్తిరి నుంచి నిద్దరోనేదు తల్లీ. కూసింతసేపు కూకోనీ."

"ముందే బుక్ చేసుకున్నాను మామ్మా, కిటికీ కోసమే."

"నీదేలే తల్లీ, కాదన్నానేటి. లెగరా."

అంతే. ఆవిడ గొడవపడి ఉంటే నాకు హాయిగా ఉండేది. వాడు ఏడవనైనా లేదు. దిగి, ఎదురు సీటుకీ నా మోకాళ్ళకీ మధ్యనున్న జానెడు సందులో నిలబడి, నా భుజం పక్కనుంచి బయటికి చూడ్డం మొదలెట్టాడు. "ఇచ్చెయ్యొచ్చుగా పాపం" అంది మా నలుగురిలో దానగుణం ఎక్కువున్న పిల్ల. తనది మధ్య సీటు.

టికెట్ కొన్నవాళ్ళే సర్దుకోవాలన్న రూలు ఎవరు పెట్టారో నాకు తెలియాలి. ముందు రాత్రి లోయర్ బెర్త్ నాది. మోకాళ్ళ నొప్పులన్నాడని ఒక పెద్దాయనకిచ్చి పైకెక్కాను. ఆయన అర్ధరాత్రి దాకా అవే మోకాళ్ళతో బాసింపట్టు వేసుక్కూర్చుని ఫోన్లో సీరియల్ చూశాడు, సౌండు పెట్టి. ఇంట్లో బాల్కనీ వైపు మంచం మేడమ్ గారిది, గాలాడకపోతే ఆవిడకి తలనొప్పి వస్తుంది కాబట్టి. ఆఫీసులో పండగ డ్యూటీ నాది, నాకు పిల్లల్లేరు కాబట్టి. పోయిన సంక్రాంతికి సెలవడిగితే "నీకేమ్మా, పెళ్ళి కాలేదుగా, ఉగాదికి వెళ్ళు" అన్నారు. ఉగాదికి వేరే ఆవిడ అత్తగారు వచ్చారు. మళ్ళీ "కాస్త సర్దుకోమ్మా". ఆ "కాస్త" ఎంతో ఎవరూ చెప్పరు. ఎప్పుడో దొరికే రెండు రోజుల్లో నాలుగు గంటలు ఒక కిటికీ కావాలనుకున్నా. ఆ కుర్రాడి ముఖం చూసి కరిగిపోయి ఉంటే మంచిదాన్ని అయ్యుండేదాన్ని, నిజమే. మంచిదాన్ని అయ్యీ అయ్యీ నడుం పడిపోయింది.

కాబట్టి సీటు సంగతిలో నాకు బాధేం లేదు. రాయడానికి కూర్చున్నది దాని కోసం కాదు.

మా ఊరు ఎస్.కోట వచ్చింది. నేను తల దించి బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. అమ్మకి వస్తున్నట్టు చెప్పలేదుగా. చెబితే దిగమంటుంది, దిగితే భోజనం, భోజనమైతే సంబంధం. ప్లాట్‌ఫాం మీద తెలిసినవాళ్ళెవరూ లేకుండా ఉంటే చాలనుకున్నా. రైలు కదిలాక తలెత్తితే ఎవరో పెద్దాయన పట్టాల పక్కన నడుస్తున్నాడు, భుజాన సుత్తి.

తాత గురించి ఇంతకు ముందు రాశానో లేదో గుర్తులేదు. అమ్మ వాళ్ళ నాన్న. కీమ్యాన్. తనకిచ్చిన బీటు పొడవునా రోజూ పట్టాల వెంట నడుచుకుంటూ వెళ్ళి, పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే కీలు వదులయ్యాయేమో చూసుకుని, వదులైతే సుత్తితో దిగ్గొట్టడం ఆయన పని. భుజాన సుత్తీ, స్పానరూ, చేతిలో చుట్టిపెట్టిన జెండాలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుపరాయిని వైజాగ్ పోర్టుకీ, అక్కణ్ణుంచి ఓడల మీద జపానుకీ పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. మనుషులెక్కే రైళ్ళు చుట్టపుచూపుగా వస్తాయి, మిగతా అంతా గూడ్సుల రాజ్యమే. ఎర్రదుమ్ము పట్టిన వేగన్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే "ఎల్తంది సూడు జపానోడి రాయి" అనేవాడు తాత.

నాకు ఆరేడేళ్ళప్పుడు సెలవులకి పొద్దుటి రైల్లో నన్ను అరకు తీసుకెళ్ళి, సాయంత్రం రైల్లో వెనక్కి తెచ్చేవాడు. అరకులో ఏం చూసేవాళ్ళమో ఒక్కటీ గుర్తులేదు. ఏమీ చూసేవాళ్ళం కాదనుకుంటా. ప్లాట్‌ఫాం మీద అమ్మమ్మ కట్టిన పులిహోర తిని, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, రైలు కోసం కూర్చునేవాళ్ళం. గుర్తున్నవల్లా వేరుశనక్కాయలు. ఉడకబెట్టినవి, గుడ్డసంచిలో ఇంకా వెచ్చగా. ఒక్కో సొరంగానికి ఒక్క కాయ. చీకటి పడగానే తాత తడుముకుంటూ నా చేతిలో కాయ పెట్టేవాడు. వెలుగొచ్చాక నేను దాన్ని ఒలుచుకు తిని, తొక్కలు గౌను ఒళ్ళో దాచుకోవాలి. అరకులో దిగాక తొక్కలు లెక్కపెడితే సొరంగాలెన్నో తేలిపోతుంది. ఏ ఒక్కసారీ తేలలేదు. చిమిడిపల్లి దాటేసరికి నేను నిద్రపోయేదాన్ని, తొక్కలు బోగీ అంతా పడేవి. (ఒక్కో కాయకి రెండు చిప్పలొస్తాయి కాబట్టి మెలకువగా ఉన్నా ఆ లెక్క తేలేది కాదని ఇప్పుడే తడుతోంది. డేటా ఉద్యోగం చేస్తున్నాను మరి.) నిద్రలో లేపి దించుతుంటే "తాతా, ఎన్నయ్యాయి?" అని ఏడుపు.

"నువ్వెన్ని తింటే అన్ని."

ఎంత బతిమాలినా అంకె చెప్పేవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. జన్మంతా ఇదే లైను మీద పనిచేసినవాడికి సొరంగాలెన్నో తెలియదా?

సరే. బొడ్డవర దాటింది, రైలు కొండెక్కడం మొదలెట్టింది, నా ఫోన్ మోగింది. మా లీడు. "ఒక్క ఐదు నిమిషాలు." క్లయింటుకి వెళ్ళాల్సిన రిపోర్టులో మొత్తం టాలీ కావట్లేదట, సోమవారం పొద్దున్నే వాళ్ళ చేతిలో ఉండాలట. ట్రిప్పుకి ల్యాప్‌టాప్ ఎందుకు తెచ్చుకున్నావని అడక్కండి. మేం గుడికి కూడా తెచ్చుకుంటాం. సొరంగంలోకి వెళ్తే సిగ్నల్ పోయేది. బయటికొస్తే రెండు గీతలు వచ్చేవి. "హలో, వినబడుతోందా" అనేలోపు ఇంకో సొరంగం. "ఎక్కడున్నావమ్మా, సెల్లార్లోనా?" అంటాడాయన. శనివారం కదండీ అని నేననలేదు. ఆయనా అనలేదు. ఐదు నిమిషాలు శివలింగపురంలో మొదలై, టైడా దాటి, బొర్రా గుహలు కూడా దాటింది. గుహల దగ్గర సగం రైలు ఖాళీ అయిందని మావాళ్ళు తర్వాత చెబితే తెలిసింది.

మధ్యలో ఎండ వచ్చి స్క్రీన్ మీద పడింది. అంకెలు కనబడలేదు. రాయాలా వద్దా అని ఇప్పటిదాకా ఆలోచించాను. షట్టరు దించేశాను.

కుర్రాడు ఏమీ అనలేదు. అప్పటిదాకా పైకి లెక్కపెడుతున్నాడు, "ఏడు... ఎనిమిది..." అని. షట్టరు పడ్డాక చీకటిని బట్టే లెక్క. కొండని కోసి పట్టాలు వేసిన చోట రెండు వైపులా రాయి దగ్గరకొచ్చి కాస్త మసక పడితే, అదీ సొరంగమే అనుకుని ఒకటి కలిపాడు. మళ్ళీ అనుమానమొచ్చి తీసేశాడు. వేళ్ళు ముడుచుకున్నాడు, విప్పాడు. చివరికి నన్ను అడిగాడు.

"అక్కా, ఇది ఎన్నోది?"

"ఇరవై రెండు."

తలెత్తలేదు నేను. షీటులో నాకు తేడా కొడుతున్న వరస 22వది. కళ్ళ ముందున్న అంకె నోట్లోంచి వచ్చేసింది. అప్పటికి పన్నెండో పదమూడో అయ్యుంటాయి. వాడికీ ఏదో తేడాగానే అనిపించినట్టుంది, ఒక్క క్షణం నా వైపే చూశాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడే అక్క తప్పెందుకు చెబుతుంది అనుకుని ఉంటాడు. తర్వాతి చీకటికి "ఇరవై మూడు" అన్నాడు.

కాల్ అయి షట్టరు ఎత్తేసరికి శిమిలిగుడ. సముద్రమట్టానికి 996.32 మీటర్ల ఎత్తు. లోయలన్నీ కిందే ఉండిపోయాయి. అరకులో దిగుతూ వాడు బోగీ అంతా వినబడేలా చెప్పాడు, "అరవై ఏడు మామ్మా!" ఆవిడ గంప నెత్తికెత్తుకుంటూ నా వైపు తిరిగి "అక్క సదువుకుంది గాబట్టి సెప్పింది" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు నిజంగా ఏమీ తట్టలేదు. మధ్యాహ్నం బొంగు చికెన్ దగ్గర మాలో ఒకడు ఫోన్ చూసి చదివాడు, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను మొత్తానికీ సొరంగాలు 58 అని. మొత్తానికీ. వాడు అరకులోనే అరవై ఏడు లెక్కపెట్టుకుని దిగిపోయాడు.

మిగతా ట్రిప్పు బాగుంది. వలిసె పూలు విరగబూశాయి, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, ఎర్రగా పండిన కాయలు. కాఫీ రెండు కప్పులు తాగాను, రెండు ప్యాకెట్లు తెచ్చాను. ఒకటి బ్యాగులో చిరిగి బట్టలన్నీ కాఫీ వాసన. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి మాడగడ మేఘాలు చూడ్డానికి వెళ్ళాం. మేఘాలు ఉన్నాయి. వాటి ముందు వరసగా ఫోన్లు పట్టుకున్న వీపులు కూడా ఉన్నాయి. డ్రోన్ ఎగరేసినవాడు ఒకడు అందర్నీ పక్కకి తప్పుకోమన్నాడు. తప్పుకున్నాం.

వైజాగ్ నుంచి తిరుగు రైల్లో అనుకున్నా, చిన్నపిల్లాడు, ఇంటికెళ్ళేసరికి మర్చిపోయుంటాడని. మర్చిపోడు. బళ్ళో చెబుతాడు. అంత లేవురా అని ఎవరైనా అంటే "లాప్టాప్ అక్క చెప్పింది" అని కొట్లాడతాడు. ఆ వయసులో నాకు అంకె కావాలని ఎంత ఏడ్చానో నాకు తెలుసు కదా. ఇవాళ ఆఫీసులో ఇంకోటి తేలింది. తేడా 22వ వరసలో లేదు. 31లో ఉంది, ఎవరో ఒకే ఎంట్రీ రెండుసార్లు కొట్టారు. మనం రెండు గంటలు చూసిన 22 శుభ్రంగా ఉంది.

పైన సీటు సంగతిలో బాధేం లేదని రాశాను. చెరిపేద్దామనుకుని ఉంచేశా. సీటు నాదే, ఇప్పుడడిగినా అదే చెబుతాను. షట్టరు దించాక అక్కడ ఉన్నది ఉత్త గోడ. గోడ పక్కన నేనే కూర్చోవాలా? మధ్య సీట్లో కూర్చున్నా ఆ రిపోర్టు అలాగే తప్పొచ్చేది, ఎండ కూడా పడేది కాదు. ఇది ఆ రోజే తట్టి ఉంటే బాగుండేది. దానగుణం పిల్లకి మాత్రం చెప్పను.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. చిట్టి నా స్టేటస్ చూపించేసిందట. "ఎళ్ళేటప్పుడు రైల్లో, వొచ్చేటప్పుడు బస్సులో, రెండుసార్లు మనూరి మీంచే ఎళ్ళి దిగనేదా?" అని పావుగంట. ఊపిరి తీసుకోవడానికి ఆగింది కదా అని మాట మార్చాను. "అమ్మా, తాత సొరంగాలు ఎన్నని చెప్పేవాడు?"

"ఆయనేటి సెప్తాడే, లోపలికి ఎళ్తే కళ్ళు మూసుకుని కూకునేవోడు గదా."

లైను వేస్తున్నప్పుడు తాత ముందు చేరింది సొరంగం పనిలోనేనట, కూలీగా. పైనుంచి రాయి ఊడిపడి పక్కనున్నతను పోయాడట. తర్వాత ఎవరెవరి కాళ్ళో పట్టుకుని కింద మైదానంలో బీటు వేయించుకున్నాడట. "సెమటలు పట్టీసేవి ఆయనకి. నువ్వు ఎల్దాం ఎల్దాం అని ఏడిసేదానివి, మరేటి సేస్తాడు." ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, నువ్వెప్పుడు అడిగావు అంది.

నాకలా గుర్తులేదు. నా తాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు. అయినా ఆ చీకట్లో ఆయన కళ్ళు మూసుకున్నాడో తెరిచాడో నాకెలా కనబడుతుంది? చెయ్యి మాత్రం బాగా గుర్తుంది. తడుముకుంటూ రావడం, కాయ పెట్టేశాక కూడా వెలుగొచ్చేదాకా నా చెయ్యి వదలకపోవడం.

"సరేలే," అంది అమ్మ, కోపం కాస్త తగ్గి. "ఇంతకీ కిటికీ కాడ కూకున్నావా?"

"కూకున్నానమ్మా."