గోవా నుంచి మారిషస్‌కి: ఓడలో మూడు టైమ్‌లు

మా సముద్ర పరిశోధన ఓడలో మూడు టైమ్‌లు నడుస్తాయి. ల్యాబ్‌లో గడియారం జీఎంటీ చూపిస్తుంది. శాంపిల్ సీసాల మీదా, లాగ్‌బుక్‌లోనూ అదే రాయాలి. మెస్సులో ఓడ టైమ్. గోవా నుంచి పోర్ట్ లూయీ చేరేలోపు అది గంటన్నర వెనక్కి జరగాలి, అందుకని మధ్యమధ్య రాత్రిపూట ముల్లు వెనక్కి తిప్పుతారు. నా ఫోన్ మాత్రం హైదరాబాద్ టైమ్‌లోనే ఉండిపోయింది.

మాది 12–4 వాచ్. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు, మళ్లీ అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు. ముల్లు వెనక్కి తిప్పిన రాత్రి మా డ్యూటీ ఇంకాస్త సాగుతుంది. దానికి ఎవరూ జాలి పడరు.

నా క్యాబిన్‌మేట్‌ది విశాఖ. "మీ ఊళ్లో సముద్రం లేదు గానీ, మాకు సునామీ వస్తోందో లేదో చెప్పేది మీరే" అని మొదటి రోజునుంచీ ఏడిపించేది. నిజమే మరి. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉన్నది హైదరాబాద్‌లో, మా ప్రగతి నగర్‌లో. 2007 నుంచి సునామీ హెచ్చరికలు వెళ్లేదీ అక్కణ్ణుంచే.

చదువు కోసం ఓడెక్కామంటే క్లాసులుంటాయనుకుంటారు. ఉన్నాయి, మెస్సు టేబుల్ దగ్గర కాసేపు. అసలు చదువంతా వించి, అంటే పరికరాల్ని నీళ్లలోకి దించే తాడు యంత్రం దగ్గరే. స్టేషన్, అంటే కొలతలు తీసుకోవాల్సిన చోటు, రాగానే ఓడ ఆగుతుంది. నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచే సీటీడీని, దాని చుట్టూ లోతుల్లో నీళ్లు పట్టే నిస్కిన్ సీసాలతో సహా, ఉక్కు తాడు మీద సెకనుకు మీటరు చొప్పున దించుతారు. 4,000 మీటర్లు దిగడానికే గంట దాటుతుంది. పైకి వచ్చేటప్పుడు ఒక్కో లోతు దగ్గర ఆగి సీసా మూయాలి కాబట్టి ఇంకా ఆలస్యం. అంతసేపూ స్క్రీన్ ముందు కూర్చుంటే, 28 డిగ్రీల దగ్గర మొదలైన వేడి గీత మొదటి కొన్ని వందల మీటర్లలోనే దబ్బున పడిపోయి, అడుగుకి వెళ్లేసరికి రెండు డిగ్రీల దగ్గర నీరసంగా సాగుతుంది. పుస్తకంలో థర్మోక్లైన్ (నీటి వేడి ఇలా దబ్బున పడిపోయే పొర) బొమ్మ ఎన్నిసార్లు గీశానో! కళ్లముందు అది గీసుకుంటూ పోతుంటే మాత్రం నిద్ర ఎగిరిపోయింది.

సీసాలు డెక్ మీదికి రాగానే హడావిడి. ఆక్సిజన్ కొలిచే నీళ్లు అన్నిటికంటే ముందు పట్టాలి, బుడగ రాకూడదు, గాలి కలిస్తే లెక్క తప్పుతుంది. ఉప్పదనానికి పట్టేది చివర్లో. భూమధ్యరేఖ దగ్గర, ఒళ్లంతా చెమటతో, అడుగునుంచి వచ్చిన నీళ్లకి వేళ్లు కొంకర్లు పోయేవి. ఒకసారి సీటీడీకి థర్మోకోల్ కప్పులు కట్టి పంపాం. నా కప్పు మీద చార్మినార్ గీశాను. సుమారు 400 రెట్ల వాతావరణ పీడనానికి నలిగి, బొటనవేలంత అయి వచ్చింది. మినార్లు నాలుగూ భద్రం.

వారాలు మర్చిపోతాం. బిర్యానీ వడ్డిస్తే ఆదివారం అని గుర్తు. హైదరాబాదీనని నన్ను తీర్పు చెప్పమన్నారు. పులావ్ బాగుందన్నాను. ఆ తర్వాత కుక్ నా ప్లేటులో ముక్క వేయడం మానేశాడు. ముందు కొత్తిమీర, తర్వాత ఆకుకూరలు అయిపోయాయి. చివరికి బంగాళాదుంపా, క్యాబేజీయే.

భూమధ్యరేఖ దాటి కొంచెం కిందికి వెళ్లాక ఆగ్నేయ వ్యాపార పవనాలు అందుకున్నాయి. ప్లేట్లు జారకుండా టేబుళ్ల మీద తడిగుడ్డలు పరిచారు. నేను బంక్ మీద ముడుచుకుని పడుకుంటే, శ్రీకాకుళం సరంగు కేకేశాడు: "ఏటమ్మా, తొంగుంటే ఇంకా తిరుగుద్ది. పైకొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే ఆ గీత వేపు సూడు. ఉట్టి బ్రెడ్డయినా తిను." మాత్రల కంటే అదే పనిచేసింది.

చివరి స్టేషన్లలో ఒక ఆర్గో ఫ్లోట్‌ని తాడుతో నెమ్మదిగా నీళ్లలోకి వదిలాం. ఇంచుమించు మనిషెత్తు గొట్టం. 1,000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకి దిగి, కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి లెక్కలు పంపి మళ్లీ మునుగుతుంది. బ్యాటరీ ఉన్నన్నేళ్లూ దానికిదే పని. ఇలాంటివి ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ఉన్నాయి. హిందూ మహాసముద్రం ఫ్లోట్ల సమాచారానికి ప్రాంతీయ కేంద్రం మళ్లీ ఇన్‌కాయిస్సే.

శాటిలైట్ ఫోన్‌లో నా వంతు వచ్చినప్పుడు ఇదంతా అమ్మకి ఉత్సాహంగా చెప్పాను.

"అంటే నీళ్లలో పడేసిన గొట్టం మన వీధి పక్కకి మెసేజ్ పెడుతుందా? మరి నీ వాట్సాప్‌కి ఏం రోగమే?" అంది.