మీడియా ప్లేయర్ కొనేముందు జేబులో ఉండాల్సిన మెమరీ కార్డు

విజయవాడ గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు వైపు షాపుల్లో మీడియా ప్లేయర్ (చేతిలో పట్టుకుని సినిమాలు, పాటలు, ఫొటోలు ఆడించుకునే పరికరం) చూపించమంటే, అందులో ముందే ఎక్కించి ఉన్న వీడియో ఒకటి ఆడించి చూపిస్తారు. రంగులు మెరిసిపోతుంటాయి, ఎక్కడా ఆగదు. ఆ ప్లేయర్ చిప్పుకి సరిపోయేలా తయారుచేసిన ఫైలు కాబట్టే ఆగదు. అది చూసి డబ్బులు కట్టేయొద్దు. డబ్బా మీద ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఫ్లాక్ అని వరసగా రాసి ఉన్న పేర్లనీ నమ్మొద్దు. మన సినిమాలు, మన పాటలు, మన ఫొటోలు ఒక మెమరీ కార్డులో పట్టుకెళ్లి, కౌంటర్ దగ్గరే కాసేపు నిలబడి ఆడించి చూస్తే ప్లేయర్ సంగతి దాదాపు మొత్తం తెలిసిపోతుంది. కార్డు పెట్టి చూడనివ్వని షాపులో కొనకపోవడమే మంచిది.

కార్డు 32 జీబీది, ఫ్యాట్32లో (ఫైళ్లని కార్డులో అమర్చే పాత పద్ధతి) ఫార్మాట్ చేసినది తీసుకెళ్లండి. 32 దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతితో వస్తాయి. తక్కువ ధర ప్లేయర్లు చాలావాటికి అది చదవడం రాదు, కార్డు పెట్టినా పెట్టలేదంటాయి. అదే 64 జీబీ కార్డుని కంప్యూటర్లో రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాట్32గా మారిస్తే తరచుగా చదివేస్తాయి. ఒక్క ఇబ్బంది ఉంది: ఫ్యాట్32లో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు. పెద్ద సినిమా కాపీ అవుతుండగా మధ్యలో ఆగిపోయి, ఖాళీ ఉన్నా చోటు లేదని వస్తే కారణం అదే.

ఇక వీడియో. ఎంకేవీ, ఎంపీ4 అనేవి సంచులు మాత్రమే, లోపల సరుకు వేరే. బొమ్మని కుదించిన పద్ధతి హెచ్.264 కావొచ్చు, హెచ్.265 కావొచ్చు. ధ్వనిని కుదించిన పద్ధతి ఏఏసీ కావొచ్చు, డాల్బీ ఏసీ3 కావొచ్చు. 'ఎంకేవీ ఆడుతుంది' అని డబ్బా మీద రాసినవాళ్లు లోపల ఏముంటే ఆడుతుందో చెప్పరు. అందుకే కార్డులో అయిదేసి నిమిషాల ముక్కలు నాలుగు ఉండాలి: 720పి హెచ్.264 ఏఏసీ ధ్వనితో ఒకటి, 1080పి హెచ్.264 ఏసీ3 ధ్వనితో ఒకటి, 1080పి హెచ్.265 ఒకటి, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాది ఒకటి.

ఆడించినప్పుడు వచ్చే తేడాని బట్టి రోగం పట్టుకోవచ్చు. బొమ్మ వచ్చి మాట రాకపోతే సాధారణంగా ధ్వని డాల్బీలోనో, డీటీఎస్ అనే ఇంకో పద్ధతిలోనో ఉంది, ప్లేయర్లో దానికి ఏర్పాటు లేదు. మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే హెచ్.265కి గానీ 10 బిట్ (రంగుల ఛాయలు ఎక్కువుండే) వీడియోకి గానీ ఆ చిప్పులో ఏర్పాటు లేదు. కెమెరా గబగబా తిరిగే ఫైట్ దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా పగిలి, పెదాలకి మాట వెనకబడితే బిట్‌రేట్ (సెకనుకి ఆడించాల్సిన డేటా) చిప్పు శక్తిని మించిపోయింది.

మొదటిదానికి వైద్యం తేలిక. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మని ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం ఏఏసీకి మార్చుకుంటే కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది, బొమ్మ నాణ్యతా పోదు. మిగతా రెండింటికీ మొత్తం వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264, 8 బిట్, మెయిన్ ప్రొఫైల్, 720పి, వీడియో 1500 కేబీపీఎస్, ధ్వని ఏఏసీ స్టీరియో 128 పెట్టండి. గంటకి సుమారు 730 ఎంబీ పడుతుంది, రెండున్నర గంటల సినిమా 1.8 జీబీ చిల్లరకి దిగుతుంది. 800×480 తెర ఉన్న ప్లేయర్లో 1080పి వేసుకున్నా కంటికి తేడా రాదు, కార్డు నిండటం, బ్యాటరీ కరగటం తప్ప.

తెర కొలత విషయంలో అంగుళాల్ని చూసి మోసపోవద్దు. 16:9 తెర 4 అంగుళాలంటే వెడల్పు 8.9 సెంటీమీటర్లు, ఎత్తు 5. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో (ఇంకా వెడల్పాటి బొమ్మతో) ఉంటాయి కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు పోగా బొమ్మకి మిగిలేది 3.8 సెంటీమీటర్ల ఎత్తే, అగ్గిపెట్టె వెడల్పుకి కాస్త అటూఇటూ. అందులో దూరం నుంచి తీసిన షాట్‌లో మొహాలు గుర్తుపట్టడమే కష్టం. 5 అంగుళాల్లో అదే 4.7 అవుతుంది. సినిమాల కోసమే కొనేవాళ్లు 5 కంటే తక్కువ తీసుకోవద్దని నా మాట. పాత బ్లాక్ అండ్ వైట్ ముక్క తెచ్చింది కూడా ఇందుకే: దాని నలుచదరపు బొమ్మని కొన్ని ప్లేయర్లు తెర నిండా సాగదీసి నటుల మొహాల్ని బల్లపరుపుగా చేస్తాయి. సెట్టింగుల్లో 'అసలు నిష్పత్తి' ఎంచుకునే వీలుందో లేదో చూడాలి. తర్వాత తెరని పక్కకీ, పైకీ వంచి చూడండి. రంగులు తిరగబడి నెగటివ్‌లా కనిపిస్తే అది ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు చెడని రకం) ప్యానెల్ కాదు, రైల్లో పక్క సీటు పిల్లలకి ఏమీ కనపడదు.

మరొకటి, ఆగిన చోట మొదలవడం. రైల్లో సికింద్రాబాద్ వెళ్తూ మొదలుపెట్టిన సినిమా ఒక్క ప్రయాణంలో పూర్తి కాకపోవచ్చు. కార్డులోని ముక్కని మూడు నిమిషాల చోటుకి జరిపి, ప్లేయర్‌ని పూర్తిగా ఆపి, మళ్లీ వేసి అదే ఫైలు తెరవండి. మొదటికి వస్తే ప్రతిసారీ ముందుకి తోసుకుంటూ కూర్చోవాలి.

తెలుగువాళ్లు తప్పనిసరిగా చూడాల్సిన పరీక్ష లిపి. ఒక పాట ఫైలుకి, దాని ట్యాగులో (ఫైలు లోపల రాసుండే పాట వివరాలు) పాట పేరుకి, ఒక సబ్‌టైటిల్ ఫైలుకి 'శ్రీకృష్ణ', 'స్త్రీ', 'జ్ఞానం' అనే మాటలు పెట్టుకెళ్లండి. ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. వరసగా డబ్బాలు కనిపిస్తే ప్లేయర్లో తెలుగు ఫాంట్ లేదు. అక్షరాలు వచ్చి, 'శ్రీ' కాస్తా శ పక్కన విడిగా పొల్లు, ర, గుడిదీర్ఘం ముక్కలుగా పరిచి ఉంటే ఫాంట్ ఉంది, ఒత్తుల్ని కలిపి కూర్చే సాఫ్ట్‌వేర్ లేదు. పేరంతా ఇలాగే విడిపోతే చదవడం నరకం. మూడోది, అంతా సరిగ్గా రావడం: ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో సాధారణంగా ఇలాగే వస్తుంది. సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న చవక ప్లేయర్లలో లోపం ఉంటే కొన్నవాళ్లు సరిచేసుకోలేరు, పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోవాల్సిందే. ఫైలు పేరు సరిగ్గా కనిపించి పాట పేరు మాత్రం పిచ్చి గుర్తులతో వస్తే తప్పు ట్యాగుది. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐడీ3 (ట్యాగు రాసే పద్ధతి) వెర్షన్ 2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని తిరిగి సేవ్ చేస్తే చాలా ప్లేయర్లు చదువుతాయి. సబ్‌టైటిల్ ఫైలు యూటీఎఫ్-8లో (ఇదీ, యూటీఎఫ్-16 కూడా, అక్షరాల్ని ఫైల్లో రాసే పద్ధతులు), సినిమా ఫైలు పేరే తన పేరుగా ఉండాలి.

పాటల వరస తారుమారవడం కూడా చవక ప్లేయర్ల గొడవే. అవి పేర్ల ప్రకారం కాకుండా కార్డులో ఏ ఫైలు ముందు రాస్తే అది ముందు పాడతాయి. ఫోల్డర్ మొత్తం ఒకేసారి లాగి పడేయకుండా వరసలో కాపీ చేయాలి, లేదా ఫ్యాట్‌సార్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వరస సరిచేసుకోవాలి.

ధ్వనికి మీ ఇయర్‌ఫోన్సే తీసుకెళ్లండి. పాట పాజ్‌లో పెట్టి చెవి రిక్కిస్తే సన్నని 'స్స్' వినపడుతుందా? తెర వెలిగినప్పుడు, కార్డు చదువుతున్నప్పుడు 'టిక్ టిక్' కలుస్తుందా? అది జాక్ దగ్గరి సర్క్యూట్ లోపం, ఈక్వలైజర్ తిప్పితే పోదు. వాల్యూమ్ అతి తక్కువ మెట్టు మీద పెట్టి చూడండి, రాత్రిపూట వినడానికి ఆ మెట్టే ఎక్కువైపోయే ప్లేయర్లు ఉన్నాయి. కచేరీలు వినేవాళ్లు రాగం, తానం, పల్లవి విడివిడి ట్రాకులుగా ఉన్న రికార్డింగ్ వేసుకోవాలి. ట్రాకు మారే చోట తంబూర శ్రుతి క్షణంపాటు తెగిపోతే గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య తెగకుండా పాడే ఏర్పాటు) లేదని అర్థం, ఇలాంటి సంగీతానికి అది పెద్ద లోటు. 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ, అయిదు నిమిషాల పాట 12 ఎంబీ. రోడ్డు మీద, బస్సులో వినడానికి అది చాలు, నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. బ్లూటూత్‌తో పాటలు వినొచ్చు గానీ, సినిమాలో మాట వెనకబడొచ్చు. వీడియోకి వైరే మేలు.

ఫొటోల పరీక్ష త్వరగా అయిపోతుంది. ఫోన్‌తో నిలువుగా తీసింది, పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన 24 మెగాపిక్సెల్‌ది, ప్రోగ్రెసివ్ జేపెగ్ (మసకగా మొదలై క్రమంగా తేటపడే రకం) ఒకటి, ఐఫోన్ ఫొటోలు దాచే హెచ్ఈఐసీ ఫైలు ఒకటి చాలు. నిలువు ఫొటో పడుకుని కనిపిస్తే ప్లేయర్ తిప్పే గుర్తుని చదవట్లేదు. పెద్దది తెరవడానికి అయిదు సెకన్లు దాటితే ఆల్బమ్ చూపించడం విసుగు. పొడవు వైపు 1920 పిక్సెళ్లకి తగ్గించి మామూలు జేపెగ్‌గా సేవ్ చేసుకుంటే ఈ ఇబ్బందులు దాదాపు పోతాయి.

ఛార్జింగ్ సాకెట్ టైప్-సీ అయితే, రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరు పెట్టి చూడండి. సాకెట్ దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టకుండా ఖర్చు తగ్గించుకున్న ప్లేయర్లు ఆ వైరుతో అసలు ఛార్జింగే ఎక్కవు, పాత యూఎస్‌బీ నుంచి టైప్-సీ వైరుతోనే ఎక్కుతాయి. వెనక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడే కొట్టి చూడొచ్చు. బ్యాటరీ గంటలు షాపులో తేలవు. ఇంటికొచ్చాక పూర్తి ఛార్జింగ్‌తో, సగం వెలుతురులో ఒకే వీడియోని తిప్పి తిప్పి ఆడించి కొలవండి. డబ్బా మీద రాసే పాటల గంటలు తెర ఆపేసి లెక్కగట్టినవి కాబట్టి వీడియోకి అవి వర్తించవు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, బెజవాడలో మే నెల ఎండే ఆ అంకెకి చేరుకుంటుంది, మూసిన కారులో ఇంకా పైకి పోతుంది. తెర అంచులు పైకి లేస్తున్నాయంటే లోపల బ్యాటరీ ఉబ్బింది, ఇక ఛార్జింగ్ పెట్టొద్దు.

చివరి పరీక్ష ఇంటి దగ్గరే, తిరిగిచ్చే గడువు లోపలే చేయాలి. లోపలి మెమరీ నిజంగా చెప్పినంత ఉందా? 64 జీబీది కంప్యూటర్లో 59.6 అని చూపిస్తే అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. సాఫ్ట్‌వేర్‌కి కొంత పోయి ఇంకా తగ్గినా సరే. అసలు మోసం వేరు: 4 జీబీ చిప్పు పెట్టి 64 అని చూపించేలా కంట్రోలర్‌ని మార్చేస్తారు. అది నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే రాయబడతాయి. పేర్లు కనిపిస్తాయి, పాట మాత్రం మోగదు. ప్లేయర్‌ని కంప్యూటర్‌కి కలిపితే పెన్‌డ్రైవ్‌లా డ్రైవ్ అక్షరంతో కనిపించినప్పుడు మెమరీని నింపి, తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి, లైనక్స్ అయితే ఎఫ్3. సెకనుకి 10 ఎంబీ రాసే ప్లేయర్లో 64 జీబీ నిండటానికే గంటా ముప్పావు పడుతుంది, తిరిగి చదవడం అదనం. తేడా వస్తే ఆ స్క్రీన్ ఫొటో, బిల్లు పట్టుకుని వెనక్కి ఇచ్చేయండి. ఫార్మాట్ చేస్తే సరిపోతుందని షాపులో అంటే ఒప్పుకోవద్దు, చిప్పులో లేని మెమరీ ఫార్మాట్‌తో రాదు.