అలర్జీ ఫెలోషిప్ ప్రిపరేషన్: ప్యానెల్ రిపోర్టు మూసి, పేషెంటు మాట విని

అలర్జీ-ఇమ్యునాలజీ ఫెలోషిప్ సెలెక్షన్ లిస్టులో నా పేరు వచ్చి వారం కాలేదు. అభినందనలతో పాటు అందరి దగ్గర్నుంచీ వచ్చిన ప్రశ్న ఒకటే: "ఏం చదివావు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. ఎండీ మెడిసిన్, పీడియాట్రిక్స్ అయిపోయి అలర్జీ-ఇమ్యునాలజీ వైపు చూస్తున్నవాళ్ల కోసం ఇది. ప్యాటర్న్, నెగటివ్ మార్కుల లెక్కలు మీకు కొట్టినపిండి, వాటి జోలికి పోను.

పుస్తకాల సంగతి త్వరగా తేల్చేస్తాను. బేసిక్ ఇమ్యునాలజీకి ఎంబీబీఎస్ తర్వాత అటకెక్కించిన పుస్తకాన్నే దుమ్ము దులిపి తీశాను. దానికి తోడు ఉర్టికేరియా (దద్దుర్లు), అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) గైడ్‌లైన్లు, ఆస్తమాకి జినా గైడ్‌లైన్, పుట్టుకతో వచ్చే ఇమ్యునోడెఫిషియెన్సీలకి (రోగనిరోధక లోపాలకి) ఐయూఐఎస్ అనే అంతర్జాతీయ సంఘం వర్గీకరణ. ఆ వర్గీకరణ 2022 జాబితాలోనే 485 జబ్బులున్నాయి. బట్టీ పడదామని కూర్చుంటే బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ మిగలదు. గుంపులు పదే, ఒక్కో గుంపుకీ ఇద్దరు ముగ్గురు పేషెంట్లను గుర్తుపెట్టుకోండి. ఆర్నెల్ల దాకా బాగానే ఉండి, అమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఐజీజీ యాంటీబాడీలు తరిగిపోయాక చెవి కారడం, న్యుమోనియా మొదలై, నోరు తెరిపిస్తే టాన్సిల్స్ జాడ కనపడని మగపిల్లాడు ఎదురుగా ఉన్నాడనుకోండి, ఆ జబ్బు వెనకున్న బీటీకే జీన్ ఇక మర్చిపోమన్నా మర్చిపోరు. బీసీజీ వేసిన వైపు చంకలో గడ్డ ఎంతకీ తగ్గని బిడ్డ అంటే సీజీడీ, ఎస్‌సీఐడీ, ఎంఎస్ఎండీ అనే రోగనిరోధక లోపాలు మూడూ వరసగా తట్టాలి, సీజీడీని పట్టే డీహెచ్ఆర్ రక్తపరీక్ష ఎందుకు పంపుతున్నారో చెప్పగలగాలి.

నా చదువు గాడిలో పడింది మాత్రం చర్మం మీద గుచ్చి అలర్జీ చూసే ప్రిక్ టెస్ట్ గదిలో. అప్పుడు నేను బెంగళూరులో ఒక ఆసుపత్రిలో సీనియర్ రెసిడెంట్‌ని. వార్డు పని అయ్యాక మధ్యాహ్నాలు అలర్జీ క్లినిక్‌లో కూర్చోవడానికి ఆ క్లినిక్ చూసే మేడమ్ ఒప్పుకున్నారు. ఒకరోజు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మన తెలుగమ్మాయి వచ్చింది. ఏడాదిగా ఒంటి మీద దద్దుర్లు. చేతిలో ఒకేసారి చాలా పదార్థాలకి అలర్జీ చూసే రక్తపరీక్ష ప్యానెల్ రిపోర్టు, అందులో చాలా వాటికి ఎర్ర గీతలు. అది చూసి పాలు, గుడ్డు, వేరుశనగ, రొయ్యలు మానేసింది. వంకాయ, గోంగూర ఆ రిపోర్టులో లేనేలేవు, దురద పెంచుతాయని అత్తగారు అంటే అవీ మానేసింది. "మరి ఏం తింటున్నావమ్మా?" అంటే "చారన్నం సార్" అంది. మనిషి సగమైపోయింది.

యాంటీహిస్టమిన్లు (అలర్జీ మాత్రలు) ఆపి రమ్మని ముందే చెప్పారు కాబట్టి ఆ రోజే టెస్ట్ పెట్టారు. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు, పక్కన చుక్కలు, లాన్సెట్‌తో చిన్న గుచ్చు. పదిహేను నిమిషాలకు హిస్టమిన్ దగ్గర దద్దు లేచింది, అది ఎవరికైనా లేవాల్సిందే, మంచిదే. పాలకీ లేచింది, గుడ్డుకీ లేచింది. తీరా చూస్తే ఉత్త సెలైన్ పెట్టిన చోట కూడా అంతే దద్దు! మేడమ్ ఏమీ అనకుండా రెండో చేతి మీద పెన్ను మొండి వైపుతో ఒక గీత గీశారు. కాసేపటికి గీత పొడవునా చర్మం ఉబ్బింది. నా వైపు తిరిగి "ఇప్పుడు రిపోర్ట్ ఏం రాస్తావ్?" అన్నారు. నెగటివ్ కంట్రోల్, అంటే ఆ సెలైన్ కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే పాజిటివ్ అని అందరం చదివాం. కంట్రోలే లేచి కూర్చుంటే ఆ టెస్ట్ చదవడానికి ఉండదు. డెర్మోగ్రాఫిజం, అంటే గీస్తేనే చర్మం ఉబ్బే తత్వం అని రాశాను.

అప్పుడు మేడమ్ ఆ అమ్మాయిని అడగాల్సినవి అడిగారు. దద్దుర్లు ఎప్పుడు వస్తాయి? పొద్దున లేవగానే, ఇంకా ఏమీ తినకముందే. ఎక్కడ? నడుము దగ్గర, బ్యాగు పట్టీ ఒరుసుకునే భుజం మీద. ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ వల్ల వచ్చే ఫుడ్ అలర్జీ తిన్న నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో బయటపడుతుంది. ఏడాది పాటు రోజూ పరగడుపున ఎందుకు వస్తుంది? తిండి అంతా మళ్లీ మొదలుపెట్టమన్నారు. రోజూ నిద్రమత్తు తక్కువుండే యాంటీహిస్టమిన్, చాలకపోతే నాలుగు రెట్ల దాకా, అప్పటికీ లొంగకపోతే నాలుగు వారాలకోసారి ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ 300 మిల్లీగ్రాములు. ఈ మెట్లన్నీ గైడ్‌లైన్‌లో ఎన్నోసార్లు చదివినవే, ఆ రోజు నుంచి మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత నోట్స్ పద్ధతి మార్చేశాను. ఏ కేసైనా ముందు పేషెంటు మాటలు, పక్కనే "ఏ టెస్ట్ ఏం చూపిస్తుందనుకుంటున్నాను" అని ఒక వాక్యం, ఆ తర్వాతే రిపోర్టు. వయ్యారిభామ (పార్థీనియం) మొక్క వల్ల వచ్చే చర్మం కేసులు బెంగళూరులో బాగా దొరుకుతాయి. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు కమిలిపోయి వచ్చినవాళ్లకి ప్రిక్ టెస్ట్ రాస్తే పరీక్షలో మార్కు పోయినట్టే. అది టైప్ ఫోర్, అంటే నెమ్మదిగా బయటపడే రకం, చర్మానికి ప్యాచ్ అతికించి 48 గంటలకీ, 96 గంటలకీ చూడాలి. అదే మొక్క పుప్పొడికి ముక్కు కారుతోందంటే అప్పుడు ప్రిక్.

ఇంటర్వ్యూలో ఒక ఫొటో ఇచ్చారు. ముంజేయి మొత్తం నున్నగా ఉంది, హిస్టమిన్ దగ్గర కూడా ఏమీ లేదు. "అలర్జీ లేదు" అనకుండా, పేషెంటు ఏ మందులు వాడుతున్నాడు అని ఎదురడిగాను. సెట్రిజిన్, దగ్గు సిరప్ సరే, నిద్ర కోసం రాసిన డాక్సెపిన్ లాంటివి కూడా హిస్టమిన్ దద్దుని లేవనివ్వవు. "మందు ఆపడం కుదరకపోతే?" అన్నారు. రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష పంపుతాను, యాంటీహిస్టమిన్లతో దానికి సంబంధం లేదు అన్నాను. బోర్డులో ఒకరు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు, ఇక పని అయిందనిపించింది.

రీసెర్చ్ ప్రపోజల్ అనగానే సైటోకైన్లు, సీక్వెన్సింగ్ అని ఆకాశానికి నిచ్చెనలు వేయకండి. డబ్బెక్కడిది, ల్యాబ్ ఎక్కడిది అని అడుగుతారు. నేను పట్టుకుపోయింది మన ఓపీ ఫైళ్లే. "పెన్సిలిన్ పడదు" అని అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది, ఏం జరిగిందో లోపల ఒక్క ముక్క ఉండదు. ఇలా ముద్ర పడినవాళ్లని సరిగ్గా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆ మందు వాడుకోవచ్చని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. 2020లో వచ్చిన పెన్‌ఫాస్ట్ స్కోరు పూర్తిగా పేషెంటు చెప్పే కథ మీదే నడుస్తుంది: ఐదేళ్ల లోపు జరిగిందా, అనాఫిలాక్సిస్‌గానీ తీవ్రమైన చర్మ రియాక్షన్‌గానీ వచ్చిందా, చికిత్స అవసరమైందా. మూడు కన్నా తక్కువ వస్తే రిస్కు తక్కువ. దాన్ని మన ఓపీలో పెట్టి చూస్తానన్నాను. ఏ హిస్టరీ లేనివాళ్లకి కూడా మనం అలవాటుగా వేసే "టెస్ట్ డోస్" మీద వాదన నడిచింది. అది అనాఫిలాక్సిస్‌ని ముందే పట్టిస్తుందనే భరోసా లేదు, ట్రేలో అడ్రినలిన్ ఉందో లేదో చూసుకోవడమే మేలు అన్నాను. ఒకాయన ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు.

"డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) రాక ఇది చేరావా?" అని అడిగేవాళ్లకి జవాబు. దాని ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్‌లో నా ర్యాంకుకి క్లినికల్ ఇమ్యునాలజీ అండ్ రుమటాలజీ (కీళ్ల జబ్బులు) రాలేదు, నిజమే. ఉన్న కొద్దిపాటి సీట్లు ముందు ర్యాంకులకే అయిపోతాయి. వచ్చిన ఇంకో బ్రాంచ్ తీసుకుని ఉంటే మా బంధువులకు చెప్పుకోవడానికి బాగుండేది. ఫెలోషిప్ డీఎంతో సమానం కాదు, బోర్డు మీద డీఎం అని రాసుకోలేం, తెలిసే చేరాను. నాకు కీళ్ల కన్నా అలర్జీయే ఇష్టం. ఇష్టం లేనిది చదువుతూ మూడేళ్లు ఎవరి కోసం?

డ్యూటీ చేస్తూ చదవలేమనే మాట కూడా నేనొప్పుకోను. సెలవు పెట్టి పీజీ గదిలో తలుపేసుకుని చదివినవాళ్లలో సగం మంది ఫోన్ చదివారు. క్లినిక్‌లో ఒక గంట నిలబడండి, రాత్రి ఆ కేసు ఒక్కటే చదివి పడుకోండి. రోజూ చేయాలి, పండగ రోజు కూడా.

వచ్చే బ్యాచ్‌కి రాసేవాళ్లు కాస్త కన్నడ నేర్చుకుని రండి. "యావ మాత్రె తగొండిద్దీరి?" (ఏ మాత్ర వేసుకున్నారు?) అని పేషెంటుని సొంతంగా అడగలేకపోతే, నర్సు తర్జుమా చేసేలోపు హిస్టరీ సగం ఎగిరిపోతుంది. థీసిస్ సారాంశం ఒక పేజీలో ప్రింట్ తీసుకుని పెట్టుకోండి, మొత్తం బైండింగ్ ఎవరూ తెరవరు.