ముందు దూరం లెక్క, తర్వాతే ప్రొటోకాల్

హైదరాబాద్ నుంచి విజయవాడకి సెకనుకి 10 గిగాబిట్ల లింకు, ఫైబర్ దారి 300 కిలోమీటర్లు అనుకుందాం. ఫైబర్‌లో వెలుగుకి కిలోమీటరుకి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక ఫ్రేము, అంటే డేటా ముక్క, వెళ్ళి, అందిందన్న కబురు, అంటే అక్, తిరిగి రావడానికి 3 మిల్లీసెకన్లు. 1500 బైట్ల ఫ్రేమును లైన్లోకి ఎక్కించడానికి మాత్రం 1.2 మైక్రోసెకన్లు చాలు. ఒక్కటి పంపి అక్ కోసం ఆగే స్టాప్ అండ్ వెయిట్ ఇక్కడ పెడితే మిగతా సమయమంతా లైను ఖాళీ. 10 గిగాబిట్లలో చేతికొచ్చేది 4 మెగాబిట్లు.

లైను నిండాలంటే అక్ వచ్చేలోపు 3.75 మెగాబైట్లు, అంటే 2500 ఫ్రేములు దారిలో ఉండాలి. పంపేవైపు వాటిని దాచుకునే మెమరీ, అంటే బఫరూ కనీసం అంత ఉండాలి. హెచ్‌డీఎల్‌సీ అనే పాత లింకు ప్రొటోకాల్‌లో 7 బిట్ల వరస నంబరుతో విండో, అంటే అక్ రాకముందే పంపగల ఫ్రేముల సంఖ్య, 127 దాటదు కాబట్టి 5 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఒకటి పోతే అక్కణ్ణుంచి అన్నీ మళ్ళీ పంపే గో బ్యాక్ ఎన్‌కి 12 బిట్లు సరిపోతాయి, 4095 దాకా వెళ్ళొచ్చు. పోయినదాన్ని మాత్రమే మళ్ళీ పంపే సెలెక్టివ్ రిపీట్‌కి అవే 12 బిట్లు చాలవు, 13 కావాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అందులో విండో మొత్తం నంబర్లలో సగం మించకూడదు. మించితే, అక్‌లన్నీ పోయినప్పుడు వచ్చింది పాత ఫ్రేమో, అదే నంబరుతో వచ్చిన కొత్తదో అవతలివైపుకి తెలియదు, పాతదాన్నే కొత్తదిగా తీసుకుంటుంది.

ఇక తప్పుల లెక్క. లక్ష కోట్ల బిట్లకి ఒక్కటి పాడయ్యే శుభ్రమైన ఫైబర్ అయితే, ఈ వేగంలో 100 సెకన్లకి ఒక తప్పు. దానికోసం గో బ్యాక్ ఎన్ 2500 ఫ్రేములు మళ్ళీ పంపినా పోయేది 3 మిల్లీసెకన్లే. అలాంటిచోట సెలెక్టివ్ రిపీట్ బరువు ఎత్తుకోవడం దండగ. కంప్యూటర్ లోపల కార్డులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా ఏళ్ళుగా 12 బిట్ల నంబరుతో, మళ్ళీ పంపడానికి దాచుకునే రీప్లే బఫర్‌తో ఇదే పద్ధతిలో నడిచింది. అదే 10 లక్షల బిట్లకి ఒకటి పాడయితే? నూటికి ఒక ఫ్రేము పైనే పోతుంది, పోయిన ప్రతిసారీ 2500 మళ్ళీ పంపాలి. లింకు 3 శాతానికి పడిపోతుంది. సెలెక్టివ్ రిపీట్ అయితే 98 దాటుతుంది. వైఫైలో బ్లాక్ అక్ ఉన్నది ఇందుకే: ఏవి అందాయో, ఏవి అందలేదో ఒక్క జవాబులో బిట్ల వరసగా చెప్పేస్తుంది.

అక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే టైమర్‌ను సరిగ్గా 3 మిల్లీసెకన్లకి పెట్టకండి. అవతల క్యూలో కాస్త ఆలస్యమైతే చాలు, అక్ దారిలో ఉండగానే విండో మొత్తం మళ్ళీ బయల్దేరుతుంది. 5 పెట్టండి.

100 గిగాబిట్ల ఈథర్నెట్ దారి వేరు. అది మళ్ళీ పంపదు, పాడైన ఫ్రేమును పారేస్తుంది, తిరిగి పంపించుకునే పని పై అంచెలో ఉండే టీసీపీ ప్రొటోకాల్‌ది. అందుకే తప్పును అక్కడికక్కడే దిద్దే ఎఫ్ఈసీ మీద ఆధారపడుతుంది. ఫైబర్ చివర పెట్టే మాడ్యూళ్ళలో, తక్కువ దూరపు ఎస్ఆర్4కి రీడ్ సాలమన్ అనే రకం ఎఫ్ఈసీ ఉండాల్సిందే, ఎక్కువ దూరపు ఎల్ఆర్4కి ప్రమాణం ప్రకారం అక్కర్లేదు. ఎఫ్ఈసీ ఒకవైపు ఆన్, రెండోవైపు ఆఫ్ ఉంటే వెలుగు బాగానే అందుతున్నా లింకు లేవదు. మాడ్యూల్ మార్చేముందు రెండువైపులా ఆ సెట్టింగ్ చూడండి. లింకు లేచాక, దిద్దిన తప్పుల కౌంటర్ మెల్లగా పెరుగుతున్నా కంగారు వద్దు. దిద్దలేనివాటి కౌంటర్ కదిలితే మాత్రం ముందు కనెక్టర్ తుడవండి.