బిడ్డ నోరు విప్పినప్పుడు

కోనసీమ పల్లెల్లో ఒక పిల్ల తనపై జరిగిన అఘాయిత్యాన్ని అమ్మతో చెప్పుకుందని తెలిస్తే, కాలవ రేవులోనూ రామాలయం అరుగు మీదా మొదట వినిపించే ప్రశ్న ఆ పని చేసినవాడి గురించి కాకుండా, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంట మరి?" అన్నది కావడం నన్ను ఎంతగానో బాధిస్తుంది. ఆ పిల్ల చెప్పలేకపోవడానికి కారణం చాలాసార్లు ఇంటి చుట్టూనే ఉంటుంది: చేసినవాడు పండక్కి బట్టలు తెచ్చే మావయ్యో, ట్యూషన్ చెప్పే మాస్టారో అయినప్పుడు, తన మాట నెగ్గదని ఆ పసిదానికి ముందే తెలుసు. మగపిల్లవాడు చెబితే నవ్వి ఊరుకుంటారు. అది మరీ ఘోరం.

"పరువు పోతుంది, రేపు సంబంధాలు రావు" అంటూ పెద్దమనుషులు రాజీ కుదర్చడం చట్టరీత్యా చెల్లదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ బిడ్డ కోరిన చోట గానీ, యూనిఫాం వేసుకోని అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, నమోదు చేయాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. తారీఖు తడబడినంత మాత్రాన అబద్ధమనుకోకండి, భయపడిన పిల్లలు ముక్కలుముక్కలుగానే చెబుతారు. ముందుగా "నీ తప్పేమీ లేదు తల్లీ" అనాలి. ఆ వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి.