గేట్ మెటలర్జీ: కోక్ కెలోరిఫిక్ వాల్యూ లెక్కలో మార్కులు ఎక్కడ పోతాయి

గేట్ మెటలర్జీకీ, స్టీల్ ప్లాంట్ల ట్రైనీ పరీక్షలకీ చదివేవాళ్లు కోక్ (గాలి తగలకుండా బొగ్గును వేడిచేసి తయారుచేసే బ్లాస్ట్ ఫర్నేస్ ఇంధనం) గురించి సీఆర్ఐ (కార్బన్ డయాక్సైడ్‌తో ఎంత చర్య జరుపుతుందో), సీఎస్ఆర్ (ఆ చర్య తర్వాత ఎంత బలం మిగులుతుందో) నిర్వచనాలు గడగడా చెప్పేస్తారు. కెలోరిఫిక్ వాల్యూ (కిలో కాలిస్తే వచ్చే వేడి) లెక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇచ్చిన శాతాలు పొడి కోక్‌వా, తేమతో కలిపినవా అన్నది చూసుకోరు. మార్కులు పోయేది అక్కడే.

ఒక లెక్క చేద్దాం. పొడి కోక్‌లో బూడిద 12 శాతం, వోలటైల్ మేటర్ (వేడిచేస్తే వాయువుగా పోయే భాగం) 1 శాతం. మిగిలిన 87 శాతం ఫిక్స్‌డ్ కార్బన్. కిలో కార్బన్ పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే 32.8 మెగాజౌళ్లు వస్తాయి కాబట్టి, కిలో పొడి కోక్‌కి సుమారు 28.5 మెగాజౌళ్లు. ఇదే కోక్ 4 శాతం తేమతో వస్తే? చాలామంది నీరు ఆవిరవడానికి పట్టే వేడి (కిలో నీటికి 2.44 మెగాజౌళ్లు), అంటే 0.04 × 2.44 = 0.1 తీసేసి ఊరుకుంటారు. కానీ కిలోలో 40 గ్రాములు నీళ్లే అయితే కాలే కోక్ 960 గ్రాములే కదా! ముందు 0.96తో గుణించండి: 27.4. ఆ తర్వాతే 0.1 తీసేయండి: 27.3. నష్టంలో పెద్ద వాటా ఆవిరిది కాదు, నీరు ఆక్రమించిన బరువుది.

ఎర్రటి కోక్‌పై నీళ్లు చల్లి ఆర్పితే తేమ మిగులుతుంది, అందులోనూ సన్న కోక్‌లో ఎక్కువ. విశాఖ ఉక్కులో లాగా డ్రై క్వెంచింగ్ (నీళ్లకు బదులు జడవాయువుతో చల్లార్చడం) చేస్తే ఈ బాధ దాదాపు ఉండదు.

బూడిదది రెండు రకాల నష్టం. కార్బన్ చోటు తినేస్తుంది. పైగా అందులోని సిలికా, అల్యూమినాలను కరిగించడానికి బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి వేయాలి, అలా ఏర్పడే స్లాగ్‌ని (కరిగిన మలినాలని) కరిగించే వేడి మళ్లీ కోకే ఇవ్వాలి. శాంపిల్‌ని కాల్చి వేడి కొలిచే బాంబ్ కెలోరీమీటర్‌కి ఈ రెండో నష్టం కనబడదు.

పోరాసిటీ, సైజు, సీఎస్ఆర్ కెలోరిఫిక్ వాల్యూని మార్చవు. శాంపిల్‌ని మెత్తగా పొడి చేశాకే కాలుస్తారు, ఇక రంధ్రాలెక్కడివి? ఇవి మార్చేది ఫర్నేస్‌లో గాలి ఆడే తీరుని, కోక్ ఖర్చుని. వోలటైల్ మేటర్ 1.5 శాతం దాటితే కోక్ సరిగా ఉడకలేదని అర్థం. హైడ్రోజన్ మిగలడంతో కెలోరిఫిక్ వాల్యూ పెద్దగా తగ్గదు, బలం మాత్రం తగ్గుతుంది.

ప్రశ్నలో ‘ట్వీయర్ల (ఫర్నేస్‌లోకి వేడి గాలి ఊదే గొట్టాల) ముందు’ అన్న మాట కనిపిస్తే 32.8 వాడకండి. అక్కడ చుట్టూ వేడి కోకే ఉంటుంది కాబట్టి కార్బన్ చివరికి కార్బన్ మోనాక్సైడ్‌గానే మిగులుతుంది, కిలోకి 9.2 మెగాజౌళ్లు మాత్రమే వస్తాయి. వేడి బ్లాస్ట్ (ఊదే గాలి) ఉష్ణోగ్రత ఇచ్చి ఉంటే దాని సెన్సిబుల్ హీట్, అంటే ఆ గాలి మోసుకొచ్చే వేడి, విడిగా కలపండి.