బీర పూసే వేళకి

పదకొండేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాం. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, మళ్ళీ కూకట్‌పల్లి. రెండుసార్లు తప్ప ప్రతిసారీ మారదామని పట్టుబట్టింది నేనే. కొత్త ఇంట్లో ఆర్నెల్లు గడిచేసరికి ఊపిరాడనట్టు ఉండేది. రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో అద్దె ఇళ్ళ ఫొటోలు చూసుకునేదాన్ని. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే" అనేది అమ్మ. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఇల్లు అమ్మేశాక ఇది ఇంకా ఎక్కువైంది.

పోయిన వేసవిలో అమ్మ మా తమ్ముడి దగ్గర నుంచి వస్తూ సంచిలో ఒక ఎండు బీరకాయ తెచ్చింది. మా పాత పెరటి పాదు విత్తనం అది. ఇల్లు అమ్మినా అమ్మ దాన్ని వదల్లేదు, తమ్ముడి ఇంటి వెనక ఏటా వేసి కాపాడుకుంటూ వస్తోంది. "మీ మేడ మీద వెయ్యి" అని నా చేతిలో పెట్టి వెళ్ళింది.

ఓనర్ ఆంటీ ముందు ఒప్పుకోలేదు. స్లాబు కారుతుందని ఆవిడ భయం, అది న్యాయమే. టబ్బుల కింద ఇటుకలు పెట్టి నీళ్ళు నిలవకుండా చూస్తానని, బరువంతా గోడల పక్కనే ఉంచుతానని చెప్తే సరేనన్నారు. నీలం డ్రమ్ము ఒకటి సగానికి కోయించి, అడుగున చిల్లులు పెట్టించాను. మొదట ఉత్త ఎర్రమట్టి నింపాను. నాలుగుసార్లు నీళ్ళు పోసేసరికి అది గడ్డ కట్టి ఇటుకలా తయారైంది. అంతా గుమ్మరించి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేసి మళ్ళీ నింపాను.

మృగశిర కార్తె వచ్చాక, రాత్రంతా నానబెట్టిన గింజలు నాలుగు పెట్టాను. రెండో రోజుకే నాకు ఆగలేదు. వేలితో మట్టి తోడి చూశాను, ఏమీ లేదు. మూడో రోజూ చూశాను. నాలుగో రోజు తోడితే నల్లటి గింజ కొసన తెల్లటి వేరు, దారప్పోగంత, బయటికి వచ్చి ఉంది. మట్టి మళ్ళీ కప్పబోతుంటే నా గోరు తగిలి పుటుక్కున తెగిపోయింది. అక్కడే కూర్చుండిపోయాను. అమ్మకి ఫోన్ చేస్తే ఒకటే మాట అంది: "గింజని రోజూ తవ్వి చూస్తే ఎలా మొలుస్తుందే?" ఆ మాట గింజ గురించే అంది. నాకు మాత్రం ఏడు ఇళ్ళూ కళ్ళ ముందు కదిలాయి.

మిగతా మూడింటి జోలికి పోలేదు. రెండు మొలిచాయి. నీళ్ళు కూడా టెన్షన్ పడి పొద్దునా సాయంత్రం పోయడం మానేశాను. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, తడి తగిలితే పొయ్యను. పేనుబంక పడితే వేపనూనె కొట్టాను, పోయింది.

అసలు కష్టం పూత మొదలయ్యాక వచ్చింది. ముందు గుత్తులు గుత్తులుగా అన్నీ మగపూలే. తర్వాత ఒక్కొక్కటిగా ఆడపూలు వచ్చాయి, పువ్వు వెనక చిన్న పిందెతో. ఆ పిందెలన్నీ పసుపు పచ్చబడి రాలిపోవడమే. నాలుగో అంతస్తు మీదికి పురుగూ పుట్రా రావడం తక్కువని, పుప్పొడి మనమే అందించాలని అమ్మ చెప్పింది. గుమ్మడి, దోస పొద్దున్నే పూస్తాయి. బీర సాయంత్రం పూస్తుంది. బీరపువ్వు విచ్చిందంటే దీపం వేళయిందని మా అమ్మమ్మ అనేదట.

అందుకని రోజూ ఐదున్నరకి మేడ ఎక్కడం మొదలుపెట్టాను. మొగ్గ ముడి వదులై, పసుపు రేకులు ఒక్కొక్కటీ మెల్లగా వెనక్కి వాలతాయి. మన ముందే జరుగుతుంది, కానీ తొందరపెట్టలేం. విచ్చాక మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్య మెత్తగా అద్దాలి. అంతే పని, రెండు నిమిషాలు. దాని కోసం అరగంట కదలకుండా కూర్చునేదాన్ని, ఫోన్ కిందే వదిలేసి. నేను ఒకచోట అరగంట కూర్చోవడం మా ఆయన అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మూడు రోజులకి ఒక పిందె పచ్చగానే నిలబడింది. వేలెడంత, తర్వాత జానెడు. మొదటి కాయ శనగపప్పు వేసి వండి ఆంటీకి కూడా గిన్నెలో ఇచ్చాను.

మనసు పూర్తిగా కుదుటపడిందని చెప్పను. నిద్ర పట్టని రాత్రులు ఇంకా ఉన్నాయి. బాగా ఇబ్బంది పడేవాళ్ళు డాక్టర్‌ని కలవాలి, మొక్కలు ఆ పని చెయ్యవు. కానీ ఆగస్టులో అద్దె అగ్రిమెంట్ అయిపోతే, "ఈసారి ఎటు?" అని మా ఆయన అడిగారు. "పాదు కాపు మీద ఉంది, ఇప్పుడెలా వెళ్తాం?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని తర్వాత గాని నాకే తెలియలేదు.

ఒక కాయ కోయకుండా విత్తనానికి వదిలాను. దసరా వెళ్ళింది, గోధుమరంగు తిరిగింది గాని లోపల ఇంకా తడి ఉన్నట్టుంది. సాయంత్రం వెళ్ళినప్పుడు చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపుతున్నాను. గింజల చప్పుడు ఇంకా రాలేదు.